పడవలో నిలబడ్డ చిన్నదొర

సత్యకుమారి భయపడగా చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో మేమిద్దరం ఒకే అరబ్బుల ఇంట్లో పని చేస్తున్నాం. ఆమె వంట చూస్తుంది, నేను మంచం పట్టిన ముసలి యజమానురాలిని చూస్తాను. ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ మామా అంటారు, మేమూ అంతే. ముందొచ్చినదాన్ని కనక ఆ ఇంటి పనివాళ్ళలో నా మాటకి ఎదురు లేదు. సత్యకుమారి వచ్చిన రోజు కూర రుచి చూసి, "ఉప్పు తగ్గింది" అన్నాను. గరిటె నా చేతిలో పెట్టి, "అయితే రేపట్నుంచి నువ్వే వండు పేరమ్మక్కా, నేనెళ్ళి మామా కాళ్ళు పిసుకుతాను" అంది. నాకు కోపం రావాలి. రాలేదు. నోరున్న మనిషిని నోరున్న మనిషే గుర్తుపడుతుంది.

ఆమెది తాళ్ళరేవు దగ్గర పల్లె. తాతల కాలంలో అక్కడ కొయ్య ఓడలు కట్టేవారు. వాళ్ళ నాన్న పడవ మీద సరుకు తోలేవాడు. పెనిమిటి జోగయ్య కామెర్లతో పోతే, చంటిపిల్లాణ్ణి తల్లి ఒళ్ళో వదిలి ఈ దేశం వచ్చింది. ఒకసారి మా వంటింట్లో గ్యాసు గొట్టం అంటుకుంది. ఇంటాయన, కోడళ్ళు, వాళ్ళతో పాటు నేనూ వాకిట్లోకి పరిగెత్తాం. సత్యకుమారి తడి గోనె కప్పి, సిలిండరు కట్టేసి, మసి మొహంతో బయటికొచ్చి, "అన్నం మాడిపోయింది. మళ్ళీ వండాలి, ఆగండి" అంది. అలాంటి మనిషి.

ఆ మనిషికి భయం కన్నకొడుకు వల్ల పట్టుకుంది.

కొడుకు పేరు నాగబాబు. ఓడల చదువు చదివి సరుకుల ఓడలో కేడెట్‌గా చేరాడు. కేడెట్ అంటే, ఆఫీసరు కావడానికి ఓడ మీదే పని నేర్చుకునే కుర్రాడు. ఫుజైరా రేవులో ఓడెక్కే ముందు తల్లిని చూడడానికి మా గేటు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, ఇంకా సరిగా మొలవని మీసం. చేతిలో లావుపాటి ఇంగ్లీషు నవల. దాని అట్ట మీద వీడి ఈడు కుర్రాడే, నీలం కోటు, ఇత్తడి గుండీలు, నడుముకి కత్తి. వెనకాల తెరచాపల ఓడ.

"తెరచాపల కాలం నాటి యుద్ధం ఓడలో ఆఫీసరమ్మా. పదహారేళ్ళకే! ఈడూ నాలాంటోడే. నీ దగ్గరుంచు, నేనొచ్చినప్పుడు తీసుకుంటాను" అన్నాడు.

"పదహారేళ్ళోడికి కత్తిచ్చి సముద్రం మీదికి తోలేశారా? కన్నతల్లి ఊరుకుందా?" అన్నాను నేను.

వాడు నవ్వి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సత్యకుమారి ఏడవలేదు. పుస్తకాన్ని కొంగుతో తుడిచి, వంటింట్లో పప్పు డబ్బాల పక్కన నిలబెట్టింది.

ఇంగ్లీషు అక్షరం మా ఇద్దరికీ రాదు. నాకు తెలుగు వచ్చు, రాయడమూ వచ్చు, అందుకే ఇది రాస్తున్నాను. ఇంగ్లీషు చదవడానికి దొరికింది ఎలీనా. నర్సాపురం పిల్ల, ఇళ్ళకొచ్చి రోగుల్ని చూసే నర్సు. రోజూ మధ్యాహ్నం మామా పుళ్ళకి కట్టు కట్టి సూది వేసేది. మామా నిద్రపోయాక, వాళ్ళ కంపెనీ డ్రైవరు అల్లాబకాష్ నమాజు చేసుకుని బండి తీసేదాకా ఆ పిల్లకి ఖాళీ. ఒకరోజు సత్యకుమారి పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

"ఎలీనా, బంగారం, ఇది చదివి నాకు తెలుగులో చెప్పమ్మా. గారెలేసి పెడతాను."

"గారెలకే చదవాలా ఆంటీ, టీ కూడా ఇవ్వండి" అంది ఆ పిల్ల.

అలా మొదలైంది. పుస్తకంలో కుర్రాడికి ఏదో నోరు తిరగని పేరుంది. సత్యకుమారి వాడికి చిన్నదొర అని పేరు పెట్టింది. చిన్నదొర తెరచాప కొయ్య చివరికంటా ఎక్కాడు. తుపానులో తన కంటే పెద్దవాళ్ళ చేత తాళ్ళు లాగించాడు. పురుగులు పట్టిన రొట్టెను బల్లకేసి కొట్టి, పురుగులు రాలాక తిన్నాడు. "ఈ పురుగుల రొట్టెలు తిన్నోళ్ళా మనల్ని అంతకాలం ఏలింది!" అని నేనంటే ముగ్గురం నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం, పక్కగదిలో మామా లేవకుండా.

సత్యకుమారి పెట్టిన షరతు ఒక్కటే. గండం దగ్గర ఆపకూడదు.

"మా తాత భారతం చదివేవాడు. ద్రౌపదమ్మని సభలోకి ఈడ్చుకొచ్చిన చోట వానొచ్చినా, పిడుగు పడ్డా ఆపేవాడు కాదు. కృష్ణుడు చీరలిచ్చాకే పుస్తకం మూసేవాడు. కతలో మనిషిని గండంలో వదిలేసి లేచిపోతే, ఆ గండం వినేవాళ్ళ ఇంటి మీదికొస్తది. గట్టెక్కించి ఆపు."

"మాకు అలాంటి పట్టింపులుండవు ఆంటీ. యోనా చేప కడుపులో ఉండగానే మా పాస్టరు గారు ఆపేసి కానుకలు పట్టేస్తారు."

"మీ పాస్టరు గారి కొడుకు ఓడ మీద లేడుగా. గట్టెక్కించి ఆపు!"

ఎలీనా ఆ మాట నిలబెట్టుకుంటూ వచ్చింది. రెండువేల ఇరవై నాలుగు మొదట్లో, యెమెన్ పక్కన ఎర్రసముద్రంలో పోయే ఓడల మీద క్షిపణులు పడుతున్న రోజుల్లో, నాగబాబు ఫోన్ చేశాడు. ఓడ అటే పోతోందనీ, కొన్నాళ్ళు ఫోను పలకదనీ చెప్పి పెట్టేశాడు. సత్యకుమారి ఉల్లిపాయలు తరుగుతూ ఆ సంగతి మాకు చెప్పింది.

"ఎర్రసముద్రం దేవుడు చీల్చి దారిచ్చిన సముద్రం ఆంటీ, ఏం కాదు" అంది ఎలీనా.

"నాకూ తెల్సే ఆ కత. ముందు నడిచినోళ్ళు ఒడ్డెక్కారు, ఎనకొచ్చినోళ్ళు మునిగారు. మావోడు ముందున్నాడో ఎనకున్నాడో ఎవరికి తెల్సు?"

ఆ మాట అన్నాక కత్తి ఆగింది. ఆమె చేతిలో కత్తి ఆగడం నేను చూడడం అదే మొదలు.

ఆరోజు కథలో పొగమంచు. ఎదర ఏదో ఓడ నీడలా ఉంది, మనవాళ్ళదో శత్రువులదో తెలియదు. చిన్నపడవలో నలుగురు మనుషుల్నిచ్చి చిన్నదొరని పంపారు చూసిరమ్మని. తెడ్ల చప్పుడు కాకుండా గుడ్డలు చుట్టారు. దగ్గరికెళ్ళేసరికి పైనుంచి ఎవరో "ఎవర్రా అది?" అని కేకేశారు. జవాబివ్వడానికి చిన్నదొర పడవలో లేచి నిలబడ్డాడు. అప్పుడే బయట అల్లాబకాష్ హారన్ మోగించాడు.

"సిస్టర్! యల్లా, టైమైపాయె! ముదీర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండాడు!"

ముదీర్ అంటే ఆ నర్సుల కంపెనీ పెద్ద. ఎలీనా బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తింది.

"ఒసే! పడవలో లేచి నిలబడ్డోణ్ణి అలా వదిలేసి పోతావే!" అని సత్యకుమారి గేటు దాకా వెంటపడింది.

"రేపు చెప్తాను ఆంటీ!"

ఆ రేపు రాలేదు. కంపెనీ వాళ్ళు ఎలీనాని అబుదాబి అవతల మఫ్రఖ్‌లో ఇంకో రోగి దగ్గరికి మార్చేశారు. మా ఇంటికి వేరే దేశం పిల్ల వచ్చింది. ఆ పిల్లకి తెలుగు రాదు, మాకు ఆమె భాష రాదు.

నేను మామాకి జావ పట్టిస్తుంటే ఆ గది టీవీలో ఓడ కాలుతున్న బొమ్మ వచ్చింది. నల్లటి పొగ సముద్రం మీద ఒరిగిపోయి ఉంది. ఏ ఓడో, ఎవరు పోయారో చెప్పలేదు. నాకు అరబ్బీ మాట్లాడడం వచ్చు గానీ, వార్తల అరబ్బీ సగమే ఎక్కుతుంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో సత్యకుమారి.

ఆమె ఆ పూట నుంచి కూర్చోలేదు.

మొదట నేను గమనించలేదు. అన్నం కంచం చేత్తో పట్టుకుని నిలబడే తిన్నది. పప్పు ఏరడం నిలబడే. టీ నిలబడే. పడుకునేటప్పుడు మాత్రం ఒరిగేది, మళ్ళీ లేచిందంటే నిలువుకాళ్ళే. చీలమండలు బూరెల్లా ఉబ్బాయి.

"ఏమొచ్చిందే నీకు? కూర్చో!" అని రెక్క పట్టుకు లాగాను.

"ఆడు నిలబడే ఉన్నాడక్కా."

"ఎవడు?"

"చిన్నపడవలో లేచి నిలబడకూడదు. మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెల్సు. పక్కకి ఒరిగిపోద్ది. లేదా పైనుంచి తుపాకి గురి పెట్టినోడికి సరిగ్గా దొరుకుతాడు. ఆడు కూర్చునేదాకా నేను కూర్చోను."

ఆ చెప్పడంలో కన్నీళ్ళు లేవు. గ్యాసు మంట దగ్గర చూసిన మొహమే. కాకపోతే అప్పుడు మంట ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఫోను పెట్టుకోవడానికి రవికెలో జేబు కుట్టుకుంది. అది మోగకపోయినా మాటిమాటికి తడుముకునేది. సముద్రం వైపు కిటికీ మూసేసింది. గాలి వీస్తే గరిటె జారేది. పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోకుండా డబ్బాల వెనక్కి తోసింది. ఇంటి కోడలు వచ్చి సర్దబోతే, వద్దని అరబ్బీలో ఒక్కసారి "లా!" అని అరిచింది. యజమానుల మీద అరిచిన పనిమనిషిని ఆ ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. కోడలు కూడా భయపడి వెనక్కి పోయింది.

ఇక లాభం లేదని ఎలీనాకి నేను ఫోను చేశాను.

"ఏమే, నీకు బుద్ధుందా? ఆ పుస్తకంలో తర్వాతేమైందో నాకు చెప్పు, నేను దానికి చెప్పుకుంటాను. మనిషి కాళ్ళు వాచి చచ్చేలా ఉంది."

అవతల ఎలీనా గొంతు తగ్గించింది.

"ఆ పుస్తకంలో ఏం లేదు పేరమ్మ గారూ."

"ఏం లేకపోవడమేంటి? ఇటుక రాయంత లావుంది!"

"అందులో వాడు చచ్చిపోయాడండి. ఎప్పుడో. తెరచాప కొయ్య ఎక్కాక మొదటి యుద్ధంలోనే పోయాడు. మిగతాదంతా ఇంకో ఆఫీసరు కథ. ఆ పేజీ వచ్చిన రోజున సత్యకుమారి ఆంటీ కొడుకు ఓడ కదిలిందని పాయసం చేసి నా చేతిలో పెట్టారు. ఎలా చదవనండి? అప్పట్నుంచి అంతా నేను కల్పించి చెప్తున్నదే. పురుగుల రొట్టె మాత్రం నిజం."

నేను వంటింటి వైపు ఓసారి తొంగిచూశాను.

"పోనీ, నువ్వు కల్పించిన దాంట్లోనే చెప్పు. లేచి నిలబడ్డాక ఏమైంది?"

"నాకూ తెలీదండి. హారన్ మోగేసరికి అక్కడితో ఆగింది. ఇప్పుడు నాకు భయమేస్తోంది. నేను బతికించాననుకోండి, అక్కడ ఆ అబ్బాయికి ఏదన్నా అయితే ఆవిడ మొహం ఎలా చూడను? మీరు చెప్పేయండి, నా వల్ల కాదు."

"నేను చెప్తే నమ్ముతుందా? పుస్తకం పట్టుకుని నువ్వే చెప్పాలి. నువ్వు నిలబెట్టావు, నువ్వే కూర్చోబెట్టు."

సెలవునాడు ఎలీనా బస్సులు మారి వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఏ పేజీ తెరిచిందో దానికే తెలియదని నాకు తెలుసు. సత్యకుమారి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది.  ఎలీనా మెడ మీది సిలువ గొలుసు ఊపిరికి కదులుతోంది. ఆ పిల్ల నోటి నుంచి మాట వచ్చేదాకా నేను మామాకిష్టమైన ఖర్జూరాల గింజలు తీస్తూనే ఉన్నాను, ఒకటి కూడా గిన్నెలో పడలేదు, అన్నీ నేల మీదే.

"పడవలో... ముసలి సరంగు ఒకడున్నాడు ఆంటీ. వాడు చిన్నదొర కోటు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చిన్నదొర దబ్బున కూలబడ్డాడు. తల మీంచి తుపాకి గుండు పోయింది. పొగమంచులో పడవ వెనక్కి తిప్పేశారు. గట్టెక్కారు."

"కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు ఆంటీ."

సత్యకుమారి గోడకి జారబడి నేల మీద కూర్చుంది. ఎలీనాకి గారెలు పెట్టమని నాకు చెప్పింది. ఆ పిల్ల ఒక్కటి కూడా మింగలేకపోయింది.

ఆరోజు నుంచి భయం చేతులు మారింది. సత్యకుమారి మామూలుగా వండింది, మామూలుగా నాతో పోట్లాడింది. నిద్ర లేకుండా పోయింది నాకు. మేము ఒక తల్లికి మాట ఇచ్చేశాం, నిలబెట్టడం మా చేతుల్లో లేదు. ఆమె పాట సన్నగా వినబడితే నేను మామా గది తలుపు మూసేసేదాన్ని. ఎలీనా రోజూ ఫోను చేసి "వచ్చిందా?" అనేది. "లేదు" అంటే పెట్టేసేది.

ఒక మధ్యాహ్నం అల్లాబకాష్ నన్ను గేటు బయటికి పిలిచాడు. కడప వైపు మనిషి, ఎప్పుడూ పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడు. ఆరోజు టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"పెద్దమ్మా, ఆ పిల్లోడి ఓడ పేరు నువ్వు చెప్పింటివి గదా. దానికే తగిలిందంట. మా రూములో ఒకని తమ్ముడు పోర్టులో చేస్తాండాడు, వాడు చెప్పినాడు. ఒగ మనిషి పాయె. పేరు బయటికి రాలే."

"ఎవరికీ చెప్పకు."

"అల్లా మీద ఒట్టు, చెప్పను."

లోపలికి వచ్చాను. చెప్పాలా, వద్దా? మొహం కడుక్కున్నాను. అద్దంలో నా మొహం నాకే పరాయిదిలా ఉంది. వంటింట్లోకి వెళ్ళేసరికి సత్యకుమారి పిండి కలుపుతోంది. తల ఎత్తి నన్ను చూసింది. చేతులకున్న పిండి దులుపుకోలేదు.

"నాగబాబు ఓడేనా?" అంది.

నాకు అబద్ధాలు బాగానే వచ్చు. ఆ క్షణాన ఒక్కటీ రాలేదు. "ఒకరు పోయారంట. ఎవరో తెలీదు" అన్నాను.

ఆమె మళ్ళీ పిండిలో చేతులు పెట్టింది. కలుపుతూనే ఉంది. నీళ్ళు ఎక్కువై జారిపోతున్నా కలుపుతూనే ఉంది. రేపు ఎలా ఉంటుందో ఊహించబోయి నేను ఆగిపోయాను. ఆ ఇంట్లో అందరికీ మంచాలు వేసినదాన్ని, ఆ పోయినవాడు నాగబాబే అయితే ఏ మంచం మీద సత్యకుమారిని పడుకోబెట్టాలో నాకు తోచలేదు.

అలాంటి మధ్యాహ్నాలు ఇంకా గడిచాయి. తర్వాత ఫోను మోగింది. పిండి చేతులతో తీయలేక నా వైపు చూసింది. నేనే ఆమె రవికె జేబులోంచి తీసి, గొంతు బయటికి వినబడేలా పెట్టి, గట్టు మీద ఉంచాను.

"అమ్మా."

ఆమె కళ్ళు మూసుకుంది. "నాగబాబూ, నేను పెద్దమ్మనిరా. అమ్మ ఇక్కడే ఉంది, మాట్లాడు" అన్నాను.

"అమ్మా, నాకేం కాలేదు. జిబూటీ రేవులో ఉన్నాం. వంటాయన పోయాడమ్మా." గొంతు అయిదేళ్ళ పిల్లాడిలా ఉంది. "అమ్మా, నేను దాక్కున్నాను. దెబ్బ తగిలాక అందరూ నీళ్ళ గొట్టాలు లాగుతుంటే నేను కింద గదిలో బల్ల కింద దూరాను. మైకులో నా పేరు పిలిచారు. రాలేదు. మంటలారిపోయాక వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆఫీసరుగారు భుజం కూడా తట్టారు. ఇంటికి పోతావా, ఉంటావా అని అడుగుతున్నారు. నేను ఇప్పుడు దిగిపోతే జన్మలో ఆఫీసరు కాను. ఆ పుస్తకంలో వాడైతే దాక్కోడు."

అప్పుడు సత్యకుమారి కళ్ళు తెరిచింది.

"దాక్కోలేదు. చచ్చిపోయాడ్రా" అంది.

నేను గబుక్కున ఆమె వైపు తిరిగాను.

"ఎవరు?"

"ఆ పుస్తకంలో కుర్రోడు. మొదట్లోనే చచ్చిపోయాడు. నువ్వు చదవలేదా?"

"మొదటి నాలుగు పేజీలే చదివానమ్మా."

"దాక్కున్నావు గనక నాతో మాట్లాడుతున్నావు. ఇంకో మాట లేదు. దిగిపో."

"అందరూ నవ్వుతారమ్మా."

"నవ్వేవాళ్ళని నా దగ్గరికి పంపు. దిగు, నా తండ్రీ. దిగిపో."

అవతల వాడు ఏడుస్తున్నాడు. ఈమె ఏడవలేదు. వాడు "దిగుతానమ్మా" అనేదాకా ఆ ఒక్క మాటే అంటూ ఉంది, పాలు మరిచే పిల్లాడికి చెప్పినట్టు.

ఫోను పెట్టేశాక నేను అడిగాను. "వాడు పుస్తకంలో పోయాడని నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? ఓడ కదిలిన రోజు ఎలీనా ఒక పేజీ తిప్పి, నా మొహం చూసి, పాయసం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత రోజూ కత చెప్పేది గానీ కాగితం తిప్పడం మర్చిపోయేది. అక్షరం రాకపోతే కళ్ళు కూడా లేవనుకున్నారా?"

"మరి తెలిసీ నిలబడ్డావా? తెలిసీ దాని చేత చెప్పించుకున్నావా?"

"పుస్తకంలో ఉన్నది చచ్చినోడి సంగతి. ఆ పిల్ల నోట్లో ఉన్నది బతికున్నోడి సంగతి. నాకేది కావాలక్కా?"

నేను ఆమె చేతుల పిండి కడగడానికి చెంబుతో నీళ్ళు తెచ్చాను.

నాగబాబు ఓడ దిగాడు. ఇప్పుడు దుబాయ్‌లోనే, అల్ వర్సాన్‌లో ఒక గోడౌన్‌లో పెట్టెలు దింపించే పనిలో ఉన్నాడు. అల్లాబకాష్‌కి పళ్ళు మళ్ళీ కనబడడం మొదలైంది. "ఏమ్మా, కొడుకు ఆఫీసరైతాడంటివి, గోడౌన్ పాలాయె గదా" అన్నాడొకరోజు. "గోడౌన్ మీదికి అలలు రావు కదన్నా. వస్తే చెప్పు, దాన్నించీ దింపుతాను" అంది సత్యకుమారి. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మొన్న సెలవుకి వాడు వస్తే ముగ్గురం రేవు గట్టు మీదికి అన్నం మూట కట్టుకుని వెళ్ళాం. సత్యకుమారి సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పులిహోర కంచాల్లో పెడుతుండగా నాగబాబు లేచి నీళ్ళ దాకా నడిచాడు. దూరంగా ఒక పెద్ద ఓడ పోతోంది, కదులుతున్నట్టు కూడా తెలియకుండా. వాడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"నాగబాబూ, రా, తిందువుగాని" అని ఆమె పిలిచింది.

గాలికి వినబడలేదో, విన్నాడో, వాడు తిరగలేదు.

"నాగబాబూ!"

రెండోసారి పిలిచిన ఆ గొంతు విని గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళందరూ తలెత్తి చూశారు.